పెట్టె మీద రాసిన అంకె

కావ్యకు ఫిజిక్స్ నేర్పింది త్రివేణే. ఆ సంగతి కావ్య మరిచిపోలేదు. అదే వచ్చిన చిక్కు. మరిచిపోయి ఉంటే త్రివేణి హాయిగా తిట్టుకునేది.

ఇద్దరూ ఒకే క్లాసులో ఎమ్మెస్సీ చేరిన కొత్తలో కావ్య ప్రతి ఆదివారం పొద్దున్నే నాచారంలోని త్రివేణి ఇంటికి వచ్చేది. బోడుప్పల్ నుంచి ఉప్పల్ రింగురోడ్డు దాకా బస్సు, అక్కణ్నుంచి షేర్ ఆటో. డిగ్రీ తెలుగు మీడియంలో చదివొచ్చిన పిల్ల. క్వాంటమ్ మెకానిక్స్ పుస్తకం ముందేసుకుని, "గీ గుర్తు ఏందే? దీనికి మీద టోపీ ఎందుకు వెట్టిన్రు?" అని మొదలుపెట్టేది. త్రివేణి ఓపిగ్గా చెప్పేది. చెప్పడం ఆమెకు ఇష్టం. తనకెంత తెలుసో ఎదుటి మొహంలో చూసుకోవడం ఇంకా ఇష్టం.

మూడో సెమిస్టర్‌కు వచ్చేసరికి కథ తిరగబడింది. కావ్య అడిగే ప్రశ్నలు పుస్తకం దాటి పోసాగాయి. "నాకు తెల్వదు" అనే చిన్న మాట త్రివేణి నోట పుట్టినప్పటి నుంచీ రాలేదు. అందుకని, "గది మన సిలబస్‌ల లేదు" అనేది. కావ్య సరేనని తలూపి, వారం తిరిగేసరికి జవాబు తనే వెతుక్కుని వచ్చి, మురిసిపోతూ త్రివేణికి చెప్పేది. త్రివేణి కడుపులో మంట అక్కణ్నుంచి మొదలు.

దానికి తోడు తల్లి కృష్ణమ్మ ఒకటి. ఇద్దరికీ ఉప్మా పెడుతూ, "కావ్య మస్తు ఉషారైందే" అంది ఒక ఆదివారం. ఆ ఉప్మా త్రివేణికి గొంతు దిగలేదు.

ల్యాబులో జరిగింది మరీ దారుణం. అక్కడ పసుపు దీపంతో చేసే ప్రయోగం ఒకటుంది. గాజుపలక మీద లెన్స్ పెట్టి మైక్రోస్కోపులో చూస్తే నల్లటి వలయాలు కనిపిస్తాయి. వాటి వెడల్పు కొలిచి, లెన్స్ పెట్టె మీద రాసి ఉన్న వంపు అంకెతో లెక్కగడితే ఆ పసుపు వెలుగు తరంగదైర్ఘ్యం 5893 అని జవాబు రావాలి. ఏళ్ల తరబడి ఎవరికీ రాలేదు. రాకపోతే ఏం చేయాలో సీనియర్లు ముందే చెప్పి పెడతారు. జవాబు ముందు రాసుకుని, వెనక్కి లెక్కగట్టి, కొలతలు నింపేయడమే. త్రివేణి కూడా అంతే చేసింది. రికార్డులో 5893 అని అందంగా రాసింది, నూటికి నూరు మార్కులు తెచ్చుకుంది.

కావ్యకు 6480 వచ్చింది. మళ్లీ చేసింది, మళ్లీ అదే. మూడు రోజులు ఆ బల్ల దగ్గరే కూర్చుంది. పక్క బల్ల మీద ఇంకో ప్రయోగం చేస్తున్న త్రివేణి మూడు రోజులూ ఓరకంట చూస్తూనే ఉంది. తన కొలతల మీద కన్నా కావ్య మీదే ఆమెకు ఎక్కువ ధ్యాస. మూడో రోజు కావ్య ఆ లెన్స్ వంపును సొంతంగా కొలిచింది. పెట్టె మీద నూరు అని ఉంది, లోపలి లెన్స్‌ది నూట పది. నూట పదితో లెక్కగడితే జవాబు సరిపోయింది. ఎప్పుడో పాతది పగిలితే వేరేది తెచ్చి అదే పెట్టెలో పెట్టేశారన్నమాట. ఇన్నేళ్లలో ఒక్కరూ కొలిచి చూడలేదు. "సూడే త్రివేణీ, పెట్టె మీద రాసిందే తప్పు" అని కావ్య చిన్నపిల్లలా నవ్వింది. తన నూరు మార్కులను ఎవరో నలుగురిలో బట్టలిప్పి నిలబెట్టినట్టయింది త్రివేణికి.

ఇంతలో అప్లికేషన్ల కాలం వచ్చింది. బెంగళూరులోని ఒక పరిశోధన సంస్థలో పీహెచ్‌డీ సీటు కోసం త్రివేణి రెండేళ్లుగా కలలు కంటోంది. తండ్రి హనుమాండ్లు నాచారంలోనే ఒక మందుల కంపెనీలో ప్యాకింగ్ పని చేస్తాడు. "ఈ ఒక్క ఏడు సూస్త. పిలుపొస్తే పోదువు, రాకుంటే ఈడనే బడిల టీచరుగ చేరు" అని తేల్చేశాడు. ఆ మాట మీద నిలబడే మనిషి. అంటే త్రివేణికి ఉన్నది ఒక్కటే అవకాశం.

"నువ్వు ఏస్తున్నవ్ గద, నేను గూడ ఏస్త. జర ఫారం నింపుట్ల సాయం జెయ్యవా?" అంది కావ్య. వద్దనడానికి నోరు రాక త్రివేణి ఆమె ఫారం నింపింది. నింపుతున్నంతసేపూ పళ్లు కొరుక్కుంటూనే ఉంది.

ఆ ఫారానికి ప్రొఫెసర్ సిఫారసు ఉత్తరం కావాలి. చిదంబరం సారు రిటైర్మెంటుకు దగ్గరపడ్డ మనిషి. ఆయన ఉత్తరాలు ఆయన రాయడు. మంచి ఇంగ్లీషు వచ్చిన విద్యార్థిని పిలిచి రాయమంటాడు, సంతకం మాత్రం తనది. ఒక మధ్యాహ్నం త్రివేణిని గదిలోకి పిలిచి, "నీది, కావ్యది రెండూ నువ్వే టైపు జేసి తే. కావ్యకు జెప్పకు, మొహమాటపడ్తది" అన్నాడు.

సాయంత్రం లోపు ఇవ్వాలి. తన ఉత్తరం పది నిమిషాల్లో అయిపోయింది. ఇంటర్నెట్‌లో నాలుగు నమూనాలు ముందు పెట్టుకుని, వాటిల్లో ఉన్న మంచి మాటలన్నీ ఏరుకొచ్చి పేర్చింది. పేజీ కళకళలాడింది.

కావ్య పేరు టైపు చేశాక మాత్రం చేతులు ఆగాయి. అబద్ధం రాస్తే సారు పట్టుకుంటాడు. నిజమే రాయాలి, కానీ చదివినవాళ్లు కావ్యను పక్కన పెట్టేయాలి. త్రివేణి మనసులో ఏడాదిగా మగ్గుతున్న కుళ్లంతా వేళ్లలోకి దిగింది. "ఈ అమ్మాయి ఒక్క ప్రయోగం మీద మూడు రోజులు గడుపుతుంది. తోటివాళ్లందరూ రికార్డులు పూర్తిచేసినా ఈమె పేజీ ఖాళీగానే ఉంటుంది. పెట్టె మీద రాసి ఉన్న అంకెను కూడా తను కొలిస్తే తప్ప నమ్మదు. తెలియనిది తెలియదని నలుగురిలో అనేస్తుంది. అడిగిందే మళ్లీ మళ్లీ అడుగుతుంది." అంతే. రెండు పేరాలు. ఒక్క పొగడ్త లేదు.

చిదంబరం సారు త్రివేణి ఉత్తరం మీద ఒకసారి కళ్లు తిప్పి సంతకం చేశాడు. కావ్యది రెండుసార్లు చదివాడు.

"అన్నీ నిజమేనా?"

"నిజమే సార్."

"నిజం లెక్కనే ఉన్నది" అని దాని మీదా సంతకం పెట్టాడు.

ఇరవై రోజులకు ఇంటర్వ్యూకు ఎంపికైనవాళ్ల జాబితా వచ్చింది. అందులో కావ్య పేరు ఉంది. త్రివేణి పేరు లేదు. ఫోన్ తెరను పైకీ కిందికీ ఎన్నిసార్లు జరిపిందో లెక్కలేదు. కళ్లలో నిప్పులు పోసుకోవడం అంటే ఏమిటో ఆ రోజు ఆమెకు బాగా తెలిసొచ్చింది. మర్నాడు హనుమాండ్లు బడి వాళ్ల ఫోన్ నంబరు తెచ్చి బల్ల మీద పెట్టాడు.

ఇంటర్వ్యూ ఆన్‌లైన్‌లో. కావ్య ఇంటి పక్కనే అపార్టుమెంటు స్లాబ్ పని జరుగుతోంది, మిక్సర్ మోత. పైగా ఆమెకు ల్యాప్‌టాప్ లేదు. "మీ ఇంటికొచ్చి ఇస్తనే, ఏమనుకోకు. నువ్వు ఎదురుంగ ఉంటే నాకు భయముండదు" అంది ఫోన్‌లో. కావ్య మనసులో కల్లాకపటం లేదని త్రివేణికి తెలుసు. ఉంటే బాగుండుననిపించింది.

అలా త్రివేణి ల్యాప్‌టాప్ ముందు కావ్య కూర్చుంది. తెర వెనుక, మంచం మీద, త్రివేణి. తెరలో నలుగురు. కాసేపు మామూలు ప్రశ్నలు అడిగారు. కావ్య ఇంగ్లీషు తడబడింది. త్రివేణి ప్రాణానికి కొంచెం సుఖంగా ఉంది.

అప్పుడు వాళ్లలో ఒక పెద్దావిడ గొంతు సవరించుకుంది. "మాకు వచ్చే ఉత్తరాలన్నీ ఒకేలా ఉంటాయి. అందరూ తెలివైనవాళ్లే, అందరూ కష్టపడేవాళ్లే. మీ గురించి వచ్చింది మాత్రం వేరుగా ఉంది" అని, చదవడం మొదలుపెట్టింది. ఒక్క ప్రయోగం మీద మూడు రోజులు గడుపుతుంది. పెట్టె మీద రాసి ఉన్న అంకెను కూడా నమ్మదు.

త్రివేణి తన వాక్యాలను ఇంకొకరి గొంతులో విన్నది. తిట్టినట్టు రాసిన మాటలు ఆవిడ నోట ముద్దు చేస్తున్నట్టు వినిపించాయి.

"ఏముంది ఆ పెట్టె మీద?" అంది పెద్దావిడ.

అంతే, కావ్య తడబాటు మాయమైంది. దీపం, వలయాలు, నూరు, నూట పది. ఇంగ్లీషు తప్పులుగా వస్తున్నా పట్టించుకోకుండా చెప్పుకుపోయింది. నలుగురూ ముందుకు వంగి విన్నారు.

"మరి మీ క్లాసులో మిగతావాళ్లకు ఎంత వచ్చింది?"

కావ్య తల కొంచెం ఎత్తి, తెర మీదుగా త్రివేణిని చూసింది. త్రివేణి రికార్డు ఆమె చూసిందే. అందులో 5893 అని ఉండడం కూడా చూసిందే.

"నాకు నా కొలతలే తెలుసు మేడమ్" అంది.

ఇంటర్వ్యూ అయిపోయింది. కావ్య ల్యాప్‌టాప్ మూసి, చార్జర్ వైరు చుడుతూ కూర్చుంది.

"చిదంబరం సార్ ల్యాబ్ దిక్కు రాక రెండేండ్లాయె" అంది నెమ్మదిగా. "ఆ మూడు దినాలు నా పక్కన ఉన్నది నువ్వొక్కదానివే. గా ఉత్తరం నువ్వే రాసినవ్ గద?"

త్రివేణి మంచం దిగి, మూసిన ల్యాప్‌టాప్‌ను పక్కకు జరిపింది.

"నన్ను గంత మంచిగ సూసినోళ్లు మా ఇంట్ల గూడ లేరే."

తలూపితే సరిపోయేది. జీవితాంతం కావ్య ఆమెను నెత్తిన పెట్టుకునేది. కానీ పొగడ్త కూడా ఒక్కోసారి ఒంటికి పడదు.

"మంచిగ సూడలే" అంది త్రివేణి. "కుళ్లుకుంట సూసిన. నువ్వు ముంగటికి పోవద్దనే గట్ల రాసిన. ఆళ్లు సదివి నిన్ను పక్కకు వెడ్తరనుకున్న."

కావ్య చేతిలో వైరు ఆగింది. బయట కంపెనీ షిఫ్ట్ సైరన్ మోగి ఆగిపోయింది. కోపం వస్తుందని త్రివేణి ఎదురుచూసింది, వస్తే బాగుండునని కూడా. కావ్య మొహంలో నొప్పి కనిపించింది. ఆ తర్వాత, ఆదివారం పొద్దున టోపీ గుర్తు గురించి అడిగినట్టే, నిజంగా తెలుసుకోవాలని అడిగింది.

"మరి నీ దాంట్ల ఏం రాసుకున్నవ్?"

త్రివేణి చెప్పబోయింది. తెలివైనది. కష్టపడుతుంది. క్రమశిక్షణ గలది. ఇంకా ఏదో ఉండాలి, పేజీ నిండా రాసుకుంది. కావ్య ఎదురుచూస్తోంది. త్రివేణి ఆ పేజీనంతా మనసులో వెతికింది. ఎంత వెతికినా అందులో తనెక్కడా దొరకలేదు.

"నాకు తెల్వదే" అంది.