ఆవులింతల చీరలు

పెళ్లి చీరలు చూస్తూ ఆడవాళ్లు ఆవులించడం నేను కడపలోనే చూశాను. అదీ నా పుణ్యమే.

ఏ భవనానికి ఎన్ని టన్నుల ఏసీ కావాలో లెక్కకట్టి ఇవ్వడం నా పని. పేరు హరిత, ఊరు కర్నూలు, కోపం ముక్కు మీదే ఉంటుంది. సొంతంగా పట్టిన మొదటి పని పెద్దసుబ్బయ్య శెట్టిగారి చీరల కొట్టు. గోడల వేడికెంత, లైట్లకెంత, మనుషులకెంత, బయటినుంచి లోపలికి తెచ్చే గాలిని చల్లబరచడానికెంత అని అన్నీ కూడితే ఇరవై టన్నులు తేలింది. శెట్టిగారు ఆ చివరి వరస మీద వేలు పెట్టారు.

"బయట నలభై మూడు డిగ్రీలు కాలిపోతాండాదమ్మా. ఆ వడగాలిని మనమే లోపలికి పిలిచి, మళ్లీ మనమే సల్లబరచాల్నా? ఇదేం లెక్క?"

"లోపలున్నవాళ్లు పీల్చుకోవాలి కదా శెట్టిగారూ."

"తలుపు తీసినప్పుడు వచ్చేది సాలు. ఆ వరస కొట్టెయ్."

మొదటి పని చేజారిపోతుందేమోనని భయపడ్డాను. ఇంట్లో ఇంతెత్తున లేచే నోరు అక్కడ పెగల్లేదు. ఆ వరస కొట్టేసి, పదహారు టన్నులని రాసి సంతకం పెట్టాను. శెట్టిగారు తలుపులకు రబ్బరు పట్టీలు కూడా వేయించారు.

పెళ్లిళ్ల బేరాలు మొదలైన నెలకు, ఏసీలు ఎలా పనిచేస్తున్నాయో చూద్దామని వెళ్లాను. లోపల అరవై మంది. చల్లగా, హాయిగా ఉంది. నూలు చీరలు అమ్మేది కొట్టు లోపలి చివర, తలుపు తీసినా గాలి చేరని చోట. అక్కడ శెట్టిగారి ఎదుట రామలింగప్ప నిలబడి ఉన్నాడు. రాజంపేట పక్కనుంచి పదిహేనేళ్లుగా ఈ కొట్టుకు చీరలు నేసి తెస్తున్న పెద్దాయన. కాళ్ల దగ్గర వాపసిచ్చిన మూట.

"ఏమప్పా రామలింగప్పా, నీ చీర ఇప్పుతానే ఆవులిస్తాండారు చూడు! నాలుగు చూసేలోగా తలనొప్పని లేచిపోతాండారు. ముందు ఇట్ల లేదే. ఇంక నీ సరుకు నాకొద్దు."

రామలింగప్ప వంగి మూట ముడి బిగించుకుంటున్నాడు.

అంతలో నాకూ ఆవులింత వచ్చింది. అనుమానమొచ్చి సంచిలోంచి మీటరు తీశాను. మనుషులు వదిలిన గాలి ఎంత పేరుకుందో అది చెబుతుంది. ఆరుబయట నాలుగు వందల చిల్లర చూపిస్తుంది. ఇక్కడ రెండువేల ఎనిమిది వందలు! నోరు మూసుకుని వెళ్లిపోతే ఎవరికీ తెలియదు. ఆ ఆలోచన వచ్చింది కూడా, అబద్ధమెందుకు.

"తప్పు చీరలది కాదు శెట్టిగారూ, నాది" అన్నాను. "మీరు బయటి గాలి వద్దన్నారు, నేను తలూపాను. అందరూ వదిలిన ఊపిరే మళ్లీ పీలుస్తున్నారు. మత్తు రాక ఏమొస్తుంది?"

"ఇంత సల్లగా ఉండాదే! గాలి యాడ తక్కువయింది?"

"చల్లదనం వేరు, గాలి వేరు!" అని ఆ మూట లాక్కుని వరండాలోకి పోయాను. బల్ల మీద చీరలన్నీ పరిచి, కునికిపాట్లు పడుతున్న కమలాపురం పెళ్లివాళ్లను బయటికి పిలిచాను.

వాళ్లు ఎండను తిట్టారు, నన్నూ తిట్టారు. కొంగులతో విసురుకుంటూ కాసేపు నిలబడ్డారు. ఆ తర్వాత చేతులు చీరల మీదికొచ్చాయి.

"ఏందబ్బా, ఈ అంచు ఎంత బాగుండాది! లోపల చూపియ్యలేదేం?"

"చూపిచ్చిరి. నువ్వే నిద్రపోతాంటివి!"

అరగంటలో ఆరు చీరలు పోయాయి. ఏడో చీర కోసం తోడికోడళ్లిద్దరూ పోట్లాడుకుంటున్నారు. శెట్టిగారు మెడ మీది చెమట తుడుచుకున్నారు.

"గాలి పెట్టే పని రేపే మొదలుపెట్టమ్మా" అన్నారు. తర్వాత నేతగాడి వైపు తిరిగారు. "రామలింగప్పా, నేను తప్పుగా అంటిని. ఎప్పట్లాగే తీసుకురాప్పా."

సిగ్గుతో తల వంచుకుని రామలింగప్ప దగ్గరికి వెళ్లాను. "క్షమించు పెద్దాయనా."

ఆయన నా మాట వినిపించుకునే స్థితిలో లేడు. ఫోను తీసి ఇంటి నంబరు నొక్కుతున్నాడు. "నెలనుంచి చీరలు వాపసొస్తాంటే నా చేతుల్లో పని పోయిందనుకోని మగ్గం అమ్మేసినానమ్మా. ఇప్పుకోని పోయేదానికి ఈ పొద్దే మనుషులొస్తామనిరి" అన్నాడు.

మొదటిసారి ఎవరూ ఎత్తలేదు. నాకు ఏడుపొకటే తక్కువ. రెండోసారి ఆయన భార్య సుబ్బక్క ఎత్తింది.

"వాళ్లను మగ్గం ముట్టనియ్యాకు" అని అరిచాడు రామలింగప్ప.  తర్వాత మెల్లగా చెప్పాడు: "నా చేతులు బాగానే ఉండాయంట."