బూడిదరంగు దారం

కాగితాన్ని తలకిందులుగా తిప్పి గాజుబల్ల మీద పరిచి, నాలుగు మూలలా ఇత్తడి బిళ్ళలు బరువు పెట్టి, పైన పలుచని నకలు కాగితం కప్పింది దారాలక్క. బల్ల కింది ట్యూబులైటు వెలుగులో ఎవరి నాయనమ్మదో చేతిరాత పైకి తేలింది. తలకిందులుగా చూస్తే అది రాత కాదు. వంపులు, గీతలు, చుక్కలు, ఒకచోట పాలో నూనెనో ఒలికి పాకిన మరక. సన్నగా చెక్కిన పెన్సిలుతో ఆమె ఎడమ అంచు నుంచి మొదలుపెట్టింది. కొట్టివేతను కొట్టివేతగా, తడబాటును తడబాటుగా ఎత్తింది. తొమ్మిదిన్నరకు సగం పేజీ అయింది. మెడ పట్టేసింది. అరచేతితో వెనుక రెండుసార్లు అదుముకుని మళ్ళీ వంగింది.

కానుకల దుకాణానికి అది వెనుక గది. ఉన్న ఒక్క కిటికీలోంచి చూస్తే పక్క భవనం గోడ కనిపిస్తుంది. మధ్యాహ్నం గంటసేపు మాత్రం ఆ గోడ మీద పడిన ఎండ తిరిగి గదిలోకి వస్తుంది. జనం తమ ఇంట్లో పోయినవాళ్ళు రాసుకున్న వంట కాగితాలు ఆ దుకాణానికి తెస్తారు. డైరీలోంచి చించిన పేజీలు, కవర్ల వెనుక రాసినవి, మందుల చీటీల వెనుక రాసినవి. వాటిని అచ్చు గుద్దినట్టు నారబట్ట మీద దారంతో కుట్టడం దారాలక్క పని. కొందరు ఆ బట్టను అద్దంలో బిగించి గోడకు తగిలిస్తారు, కొందరు భోజనాల బల్ల మీద పరుస్తారు. ఎవరు ఎలా వాడుకున్నా ఆమె చూడలేదు. ఆమె పని బట్టను మడతపెట్టి ముందు గదికి పంపడంతో ముగుస్తుంది.

అంతకుముందు పదమూడేళ్ళు ఆమె భూముల కొలతల కార్యాలయంలో పటాలకు నకళ్ళు తీసేది. యంత్రాలు వచ్చాక నకళ్ళు తీసేవాళ్ళతో పని లేకపోయింది, కాని చేతికి పట్టిన అలవాటు పోలేదు. అదే ఆమెను ఈ గదికి చేర్చింది. చేరిన మొదటి ఏడాదే ఒక దెబ్బ తగిలింది. ఒక కాగితం మీద 'ఉప్పు' అని రెండుచోట్ల ఉంటే, చదువుతూ కుట్టిన చేయి రెండోదాన్ని దానంతట అదే వదిలేసింది. బట్టను వెనక్కి తెచ్చిన కొడుకు కోప్పడలేదు. "మా అమ్మ రెండుసార్లు రాసేదండీ, మేం మరిచిపోతామని" అని మాత్రం అన్నాడు. ఆ రోజు నుంచి ఆమె ఏ కాగితాన్నీ చదవలేదు, తలకిందులుగా పెట్టి గీస్తుంది. కంటికి కనిపించినదంతా ఎత్తాలి, ఒకటి కలపకూడదు, ఒకటి వదలకూడదు. అప్పటి నుంచి ఇప్పటికి పదహారేళ్ళు. ఒక్క బట్టా వెనక్కి రాలేదు.

"అక్కా, ఆ మరక కూడా కుడతావా?" తలుపు దగ్గర నిలబడి కౌంటర్ అమ్మాయి అడిగింది.

"కుట్టక?"

"ఈగ చచ్చి అంటుకుని ఉంటే?"

"ఈగనూ కుడతాను. మక్కీకి మక్కీ. నల్లదారం ఉందిగా."

"ఇన్ని వందల వంటలు కుట్టావు, ఒక్కటైనా వండి చూశావా తల్లీ?"

"వండాలంటే చదవాలి కదే."

ఆ అమ్మాయి పెద్ద జోకు విన్నట్టు నవ్వింది. నవ్వు ఆగాక, వచ్చిన పని గుర్తొచ్చి గొంతు తగ్గించింది. "ఒక పెద్దాయన నిన్ను చూడాలంటున్నాడు. నిన్న అయిపోయిందే తీపిరొట్టె గుడ్డ, వాళ్ళింటాయన. కూతురు సాయంత్రం తీసుకెళ్తానంది, ఈయన ఒకసారి చూసిపోదామని ముందే వచ్చాడట. విప్పి చూపించా. అప్పట్నుంచి గుడ్డ చేతిలోంచి వదల్లేదక్కా."

ఆయన లోపలికి వచ్చి, చూపించిన స్టూలు మీద అంచున కూర్చున్నాడు. ఇస్త్రీ చొక్కా, ఒక గుండీ తప్పు కాజాలో దూరి ఉంది. బట్టను రెండు చేతులా పట్టుకున్న తీరు, నిద్రపోతున్న పిల్లను ఎత్తుకున్నట్టుంది.

"మీరేనా అమ్మా కుట్టింది?"

"నేనేనండీ."

"మా ఆవిడ రాతే. 'గ' కింద ఆ మెలిక చూడండి, ఆవిడే ఎదురుగా కూర్చున్నట్టుంది." బట్టను ఒళ్ళో పరిచి, అడుగు భాగాన వేలు పెట్టాడు. "ఇది మాత్రం ఎక్కడిది?"

దారాలక్క తన పనిని మొదటిసారి చదివే వైపు నుంచి చూసింది. నీలం దారంతో ఒక వరుస: *వెన్న ఇంకాస్త వెయ్యాలి. ఆయనకు మెత్తగా ఉండాలి.* దాని మీదుగా, ఏటవాలుగా, బూడిదరంగు దారంతో మరో వరుస: *ఇక ఇద్దరికే. ఆయన రారు.*

"కాగితం మీద ఉందా ఇది?"

"ఉందండీ."

"కాగితం మా అమ్మాయి నాకు చూపించింది. అంత సన్న రాత నా కళ్ళకు ఆనదు. ఇలా దారంతో లావుగా ఉంటే ఆనింది." వేలు ఆ వరుస మీంచి తీయలేదు. "మా అమ్మాయికి నాలుగేళ్ళప్పుడు నేను పదకొండు నెలలు ఇంటికి పోలేదు. ఎక్కడున్నానో, ఎవరితో ఉన్నానో ఇప్పుడు చెప్పుకుంటే పోయేది లేదు, వచ్చేదీ లేదు. తిరిగొచ్చాను. తలుపు తీసింది. తిండి పెట్టింది. ఒక్క మాట అడగలేదు. మొన్న పోయేదాకా, ముప్ఫై ఆరేళ్ళు అడగలేదు. మరిచిపోయిందనుకున్నానమ్మా. చూశారా, మెత్తగా ఉండాలన్న మాట మీదే ఈ మాట రాసింది. కొట్టేసినట్టు."

దారాలక్క నాలుక చివర ఒక వాక్యం నిలిచింది. *అది కాగితం మీద చెరిపేసి ఉందండీ.* ఆ పెన్సిలు వరుసను రాసిన మనిషే రబ్బరుతో తుడిచేసింది. మామూలు కంటికి అక్కడ ఏమీ లేదు, కూతురికీ అందుకే కనిపించలేదు. గాజుబల్ల కింది వెలుగులోనే మసి నీడ తేలింది. ఎవరికీ ఆనని గీత తన కంటికి ఆనిందని నాలుగు రోజుల కిందట ఆమె లోలోపల మురిసింది కూడా. ఇప్పుడు ఆ వాక్యం బయటికి వస్తే, రాసినావిడ వద్దనుకున్నదాన్ని తాను తవ్వి తీసినట్టు ఒప్పుకోవాలి. తలుపు దగ్గర కౌంటర్ అమ్మాయి వింటోంది. పదహారేళ్ళుగా ఒక్క బట్టా వెనక్కి రాలేదు.

"తీసేస్తానండీ. సాయంత్రానికి అయిపోతుంది" అంది.

"చిల్లులు కనిపిస్తాయా?"

"రెండు ఉతుకులు పడితే మూసుకుంటాయి."

"మూసుకోకపోయినా ఫర్వాలేదు. నాకొక్కడికే తెలుస్తాయి." బట్టను బల్ల మీద పెట్టి, ముడత లేకుండా ఒకసారి నిమిరాడు. "అమ్మాయికి మాత్రం తెలియకూడదు. దానికి అప్పటి సంగతులేం గుర్తులేవు. సాయంత్రం వస్తాను."

గుండీ సంగతి చెప్పాలనుకుని కూడా ఆమె చెప్పలేదు.

నాయనమ్మ కాగితాన్ని పక్కన పెట్టి, బట్టను ఫ్రేములో బిగించి, సన్న కత్తెరతో వెనుక నుంచి బూడిదరంగు కుట్లను ఒక్కొక్కటే తెంపింది. ముందు నుంచి పట్టకారుతో లాగితే పోగులు సులువుగా వచ్చేశాయి, నీలం దారానికి గోరంత దెబ్బ కూడా తగల్లేదు. అంత సులువుగా ఎందుకు వస్తున్నాయన్న ప్రశ్న ఆమెను ఆపింది. పైనున్నవి కాబట్టి వస్తున్నాయి. పైన ఎందుకున్నాయి? ఆమె ఒక రంగు దారం పూర్తిగా ముగించాకే ఇంకో రంగు ఎత్తుతుంది. సిరా అంతా నీలం, అది ముందు. పెన్సిలుది ఒక్క వరుసే, కాబట్టి ఆఖరున. బట్ట మీద వరుసను నిర్ణయించింది దారపు ఉండలు. ఆవిడ ఏది ముందు రాసింది, ఏది తరువాత రాసింది అని ఎవరూ కాగితాన్ని అడగలేదు.

గోడ మీద ఎండ గదిలోకి వచ్చే గంట అది. దారాలక్క తీపిరొట్టె అసలు కాగితాన్ని కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి, తల పైకి, కాళ్ళు కిందికి, చదివేవాళ్ళు పట్టుకున్నట్టు పట్టుకుని భూతద్దం ఆనించింది. పేజీ పైభాగంలో సిరా గీతలన్నీ అంచు తెగినట్టు శుభ్రంగా ఉన్నాయి. వెన్న గురించిన వరుస దగ్గర మాత్రం, పాత పెన్సిలు నీడ ఉన్నంతమేర, సిరా పక్కలకు పీల్చుకుపోయి అక్షరాలకు మీసాలు మొలిచాయి. కారణం ఒక్కటే. రబ్బరు పెట్టి రుద్దిన చోట కాగితం నునుపు పోయి నూగు లేస్తుంది. ఆ నూగు మీద రాస్తేనే సిరా అలా పాకుతుంది. అంటే రుద్దడం ముందు, రాయడం తరువాత. ఆయన రారని రాసింది, ఆయన వచ్చాడు, అది చెరిపేసింది. చెరిపిన చోటనే ఆయనకు మెత్తగా ఉండాలని రాసింది. ముప్ఫై ఆరేళ్ళు అడగని మనిషి ఇచ్చిన జవాబు అది. దాన్ని తాను తిరగేసి కుట్టింది.

భూతద్దం పక్కన పెట్టింది. రెండు గంటలకు, రోజూ తెచ్చుకునే బన్నూ అరటిపండూ కిటికీ దగ్గర నిలబడే తింది. ఆమె తల్లి ఒక హాస్టల్లో వంటమనిషి. మూడు వందల మందికి చేతి అంచనాతో వండేది, అక్షరం రాదు. కూతురు పొయ్యి దగ్గరికి వస్తే గరిటెతో తరిమేది: "నీ చేతికి కలమే నయం, పో!" కలమే మిగిలింది. తల్లి పోయి తొమ్మిదేళ్ళయింది, కాగితం ముక్క ఒక్కటీ లేదు. కుట్టుకుందామన్నా ఏమీ లేదు. అద్దె గదిలో ఆమెకొక కెటిల్ ఉంది, ఒక గ్లాసు ఉంది.

ఆయన వచ్చినప్పుడు కౌంటర్ అమ్మాయి ముందు ఇదంతా నోటితో చెప్పడం తనవల్ల కాదని ఆమెకు తెలుసు. రోజు మొత్తం మీద ఆమె ఇరవై మాటలకు మించి మాట్లాడదు. రెండు ముక్కలు చీటీ మీద రాసి చేతిలో పెడితే సరిపోతుంది. నకలు కాగితం అంచు చింపి, పెన్ను తీసి రాసింది. రాశాక చూసుకుంది. అక్షరాలు చిన్నవిగా, కుడికి ఒరిగి ఉన్నాయి. 'గ' కింద మెలిక ఉంది. నాలుగు రోజులుగా ఏ చేతిలో తన చేయి ఉంచిందో ఆ చేయే రాసింది. ఇంకో ముక్క చింపి, నెమ్మదిగా, బడిపిల్లలా విడివిడిగా రాసింది. అదే ఒరుగు. తన రాత ఎలా ఉండేదో గుర్తు తెచ్చుకోబోయింది. మొన్నటి నెల అద్దె రసీదు మీద పెట్టిన సంతకం ఎవరి చేత్తో పెట్టిందో కూడా ఆమెకు రూఢిగా తెలియలేదు. చచ్చిపోయిన భార్య చేతిరాతతో చీటీ తెచ్చి ఆయన చేతిలో పెట్టగలదా? ఒక ముక్కను నలిపేసింది. ఇంకొకదాని మీద బట్ట పేలిక కప్పింది.

ఐదున్నరకు కూతురు వచ్చింది, ఒక చేతిలో కూరల సంచి, భుజాన ఆఫీసు బ్యాగు. ఒక్కతే వచ్చింది.

"నాన్నగారు వస్తానన్నారు" అంది దారాలక్క. కౌంటర్ దాకా తానే వచ్చి నిలబడింది. అలా రావడం కౌంటర్ అమ్మాయి ఎప్పుడూ చూడలేదు.

"మూడింటి బండికి మా తమ్ముడి దగ్గరికి వెళ్ళిపోయాడండీ. ఆదివారం దాకా ఉంటానన్న మనిషి! ఉన్నట్టుండి సంచి సర్దుకున్నాడు. గుడ్డ నువ్వే ఉంచుకోమ్మా, నాకెందుకు అన్నాడు. ఆయన కోసమే కదండీ కుట్టించింది." బట్ట విప్పి చూసి కళ్ళు తుడుచుకుంది. "అబ్బ, అమ్మే. ఇవేంటి, ఇక్కడ సన్న చిల్లులు?"

"తప్పు కుట్టాను. విప్పాను."

కౌంటర్ అమ్మాయి రసీదు పుస్తకం మీంచి తలెత్తింది.

"మీరు నాన్నగారితో ఒక మాట చెప్పాలి" అంది దారాలక్క. "వెన్న గురించి రాసింది చూశారా, అది ఆవిడ అన్నిటికంటే ఆఖరున రాసింది. గుడ్డ మీద వరుస తారుమారైంది. అది ఆవిడ చేసింది కాదు, నా పొరపాటు. కాగితం మీద వెన్న మాటే పైనుంది. అంతే చెప్పండి."

"వెన్నా? నాన్నకా?" కూతురు నవ్వింది. "పొయ్యి ఎటువైపు వెలుగుతుందో కూడా తెలియదండీ ఆయనకి."

"ఆయనకు అర్థమవుతుంది. ఒక్కసారి మీరు చెప్పండి, వింటాను."

ఆ పట్టుదలకు కూతురు కొంచెం తెల్లబోయి, పాఠం అప్పజెప్పినట్టు చెప్పింది: "వెన్న మాట అమ్మ ఆఖరున రాసింది. కాగితం మీద అదే పైనుంది. గుడ్డ మీద తప్పు మీది. సరేనా? ఇప్పుడు బండిలో ఏమీ వినపడదు, రేపు ఫోన్ చేస్తాను." కాగితాన్నీ బట్టనూ బ్యాగులో పెట్టుకుని, కూరల సంచి చేయి మార్చుకుని, వీధిలో జనంలో కలిసింది.

"పదహారేళ్ళకు ఒక్క తప్పు. యజమానురాలికి నేను చెప్పన్లే అక్కా" అంది కౌంటర్ అమ్మాయి.

"చెప్పు" అంది దారాలక్క.

ఆ కూతురు రేపు ఫోన్ చేస్తుందో, కూరలూ పిల్లలూ ఆఫీసూ మధ్య ఆ మాట జారిపోతుందో ఆమెకు ఎప్పటికీ తెలియదు. బట్ట తీసుకెళ్ళినవాళ్ళెవరూ తిరిగి వచ్చి ఏం జరిగిందో చెప్పరు. ఆమె గదిలోకి వెళ్ళి ట్యూబులైటు ఆర్పి, చెప్పులు వేసుకుని, వెనుక తలుపు గుండా సందులోకి దిగింది.

బల్ల మీద, పేలిక సగం జారగా, చీటీ ఉండిపోయింది: *అది ఆవిడే చెరిపేసింది. వెన్న మాట తరువాత రాసింది.* ఐదు నెలల కిందట పోయిన మనిషి అక్షరాలు కుడికి ఒరిగి, సంతకం లేకుండా.