తలూపిన టీచరమ్మ

ఇరవై ఏళ్ళు పిల్లలకి పాఠాలు చెప్పి, యాభైకి దగ్గరపడ్డాక తానే పలక పట్టిందని ఆవిణ్ణి ఇంటిల్లిపాదీ ఆటపట్టించారు. టిబెటన్ నేర్చుకోవాలని చిన్నప్పటి పిచ్చి మరి! "ఆ భాషతో ఏ సంతలో బేరమాడతావే?" అన్నాడు మొగుడు. అననీ, అదే నేర్చుకుంటానని భీష్మించుకుని, స్కూలుకి సెలవు పెట్టి, టిబెటన్లు వలసొచ్చి ఉంటున్న ఒక పరాయి దేశం పోయింది టీచరమ్మ.

అక్కడ ఆ భాష నేర్పే బడిలో ఒక పద్ధతుంది. ఒక్కో విద్యార్థినీ ఒక్కో టిబెటన్ ఇంట్లో ఉంచుతారు. ఆ గడప లోపల ఆ భాష తప్ప ఇంకో మాట పలకకూడదు. ఈవిడకి దొరికింది ఒక ముసలావిడ. కొడుకు లారీ డ్రైవరు, ఎప్పుడో గాని ఇల్లు చేరడు. పెద్దావిడకి వేరే భాష ముక్క రాదు గాని, నోరు ఊరుకుంటేగా! పొయ్యి దగ్గర కూర్చుని గలగలా చెప్పుకుపోయేది. పది మాటల్లో రెండు అందితే గొప్ప. మాటిమాటికీ ఆపితే ఏం బాగుంటుందని టీచరమ్మ నవ్వుతూ తలూపేది. "ఊఁ, అలాగేనమ్మా, అలాగే." ఆ ముక్క మాత్రం అచ్చం అక్కడివాళ్ళలాగే పలికేది. ముసలావిడ మురిసిపోయి బుగ్గ నిమిరేది.

ఏం చెప్పాలి ఈ చోద్యం! అర్థం కాకపోయినా "అయింది టీచర్" అనే పిల్లల్ని బెంచీ ఎక్కించిన మనిషే ఈవిడ. ఎవడు బుకాయిస్తున్నాడో కళ్ళు చూసి ఇట్టే పట్టేసేది.

ఒక ఉదయం ముసలావిడ వంటగదిలో కుప్పకూలింది. కొడుకు ఎక్కడో దారిలో ఉన్నాడు. ఆసుపత్రిలో టిబెటన్ తెలిసినవాళ్ళే లేరు.

డాక్టరమ్మ టీచరమ్మని మంచం దగ్గరికి పిలిచి ఇంగ్లీషులో చెప్పింది. "కడుపులో గడ్డ. బాగా ముదిరిపోయింది, ఇక చేసేదేమీ లేదు. ఇంత నొప్పి ఎవరికీ చెప్పకుండా ఎలా ఓర్చుకుందో అడగండి."

టీచరమ్మ మాటలు కూడగట్టుకుని అడిగింది. ముసలావిడ ఆశ్చర్యపోయింది. పొట్ట మీద చెయ్యేసుకుని, చంటిపిల్లకి చెప్పినట్టు నెమ్మదిగా చెప్పింది. ఈసారి ప్రతి మాటా అందింది.

"నీకు చెప్పానుగా తల్లీ! చలికాలం నుంచీ చెబుతూనే ఉన్నాను. ఇక్కడ నొప్పి, అబ్బాయికి చెబితే బెంగపడతాడు, నువ్వే డాక్టరుకి చూపించు అని. అలాగే అన్నావు. చదువుల్లో ఉన్నావు కదా, తీరిక దొరికాక తీసుకెళ్తావులే అని ఊరుకున్నాను."



"ఏమంటోంది?" అంది డాక్టరమ్మ.

ఎవరికీ చెప్పలేదట అంటే సరిపోయేది. అడిగేవాళ్ళెవరు? ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది కూడా.

"నాకు చెప్పిందండీ," అంది. "ఎన్నోసార్లు చెప్పింది. అర్థం కాకపోయినా అయినట్టు తలూపాను."

డాక్టరమ్మ కాగితం మీద అదే రాసుకుంది. నాలుగు తిట్టినా బాగుండేది.

ముసలావిడ టీచరమ్మ చెయ్యి పట్టుకుని, గొంతు తగ్గించి, గబగబా ఏదో అడిగింది. ఇల్లు అన్న ఒక్క మాటే అందింది. తల అలవాటుకొద్దీ ఊగబోయింది. టీచరమ్మ బలవంతాన ఆపుకుంది.

"అర్థం కాలేదమ్మా. మళ్ళీ చెప్పు."

ఆ మాట ఈవిడ నోట ముసలావిడ ఎన్నడూ వినలేదు. పట్టుకున్న చెయ్యి వదిలేసి, కళ్ళలోకి చాలాసేపు చూసింది.

"మరి ఇన్నాళ్ళూ?" అంది.