మా ఆవిడ భయం గురించి

టీ పొంగుతుంటే మంట తగ్గించాను. అప్పుడే ముందు గదిలోంచి మా ఆయన గొంతు వినిపించింది. "ఎప్పటిలాగే మా ఆవిడ భయం గురించి ప్రార్థించండి. ఈ మధ్య మరీ ఎక్కువైంది."

ఆదివారం సాయంత్రం ప్రార్థన కూడిక ఈసారి మా ఇంట్లో. మా కూడికల్లో ఒక పద్ధతి ఉంది. ప్రార్థన మొదలయ్యే ముందు ఏ ఇంటి మనవి ఆ ఇంటి మగమనిషి చెప్పాలి. ఆడవాళ్ల నడుంనొప్పులూ, నిలవని గర్భాలూ, కన్నీళ్లూ అన్నీ మగవాళ్ల నోటి మీదుగానే దేవుడి దగ్గరికి వెళ్లాలి. ఈ పద్ధతి ఎవరు పెట్టారో తెలియదు, ఎవరూ అడగలేదు. ఆ సమయానికి నేను ఎప్పుడూ ఎవరో ఒకరి వంటింట్లో కప్పులు కడుగుతూ ఉంటాను. నా గురించి వేరే గదిలో చెప్పుకుంటుంటే వింటూ ఉంటాను.

నా భయం చరిత్ర చిన్నదే. పెళ్లయిన కొత్తలో ఇద్దరం ఒక లిఫ్టులో ఇరుక్కుపోయాం. నేను గొంతు చించుకుని అరిచాను. అరిచాను కాబట్టే వాచ్‌మన్ వచ్చి తలుపు తీశాడు. ఆయన నా పక్కనే గోడకు అంటుకుపోయి ఉన్నాడు, నోట మాట లేదు. ఆ వారం కూడికలో మాత్రం మాట బాగానే వచ్చింది. మా ఆవిడకి పిరికి ఆత్మ ఉంది, ప్రార్థించండి అన్నాడు. అప్పటినుంచీ అదే నా ఇంటిపేరయింది. అత్తయ్య దాన్ని సుగుణాల్లో వేసింది. "ఆడదానికి కాస్త భయం ఉంటేనే ఇల్లు నిలబడుతుందమ్మా" అంటుంది. పొద్దున్నే లేచి ఊడ్చి, వండి, అందరికీ డబ్బాలు కట్టి, డ్యూటీకి పోయొచ్చి, మళ్లీ అంట్లు తోమి ఈ ఇంటిని నిలబెడుతున్నది నా చేతులు అనుకుంటాను. పైకి అనను. భయం ఉంది కదా మరి.

ఈసారి ఎక్కువైంది అన్నది మా లాండ్రీ గొడవ గురించి. నేను ఆసుపత్రి లాండ్రీలో పనిచేస్తాను. దుప్పట్లను ఇస్త్రీ చేసే పెద్ద యంత్రం ఉంటుంది, వేడి రోలర్లది. దాని ముందు అడ్డంగా ఒక కడ్డీ. చెయ్యి అంతదూరం పోతే కడ్డీకి తగిలి యంత్రం ఆగుతుంది. దుప్పటి అంచు మడతపడి తగిలినా ఆగుతుంది. వార్డులన్నీ నిండిపోయి, దుప్పట్లు గుట్టలు పడ్డ రోజుల్లో సూపర్‌వైజరు ఒక పాత దుప్పటి చింపి, ఆ పీలికతో కడ్డీని కదలకుండా కట్టేశాడు. "ఇక ఆగదు, కానివ్వండి" అన్నాడు. ఆగలేదు. పాటలక్క చెయ్యి లోపలికి పోయినప్పుడు కూడా ఆగలేదు.

పాటలక్క అంటే మాలో పెద్దది. పని చేస్తున్నంతసేపూ స్తోత్రగీతాలు పాడుతుంది, సగం చరణాలు సొంతంగా కల్పించి. ఇప్పుడు మోచేతి దాకా కట్టుతో మంచం మీద ఉంది. అజాగ్రత్తగా చెయ్యి పెట్టింది, తప్పు ఆమెదే అని తేలిస్తే ఉద్యోగమూ పోతుంది, పరిహారమూ రాదు. మేనేజరు ఒక్కొక్కరినే పిలిచి ఏం చూశావని అడుగుతున్నాడు. ఇప్పటిదాకా వెళ్లినవాళ్లంతా చూడలేదన్నారు. లాండ్రీని బయటి కంపెనీకి ఇచ్చేస్తారని పుకారు. ఎవరిని ఉంచుతారో, ఎవరిని పంపుతారో. రేపు నా వంతు.

మా ఆయన వారం నుంచీ నూరిపోస్తున్నాడు. "నువ్వు చూడలేదు, అంతే. చూడలేదంటే అబద్ధమెలా అవుతుంది? బయట ఉద్యోగాలన్నీ గాలిలో దీపాలు. నీకెందుకొచ్చిన గొడవ?" ఆయన ఆఫీసులో కూడా మనుషుల్ని తీసేస్తున్నారు. ఫోన్ మోగితే చాలు, బాల్కనీలోకి పోయి నంబరు చూసి, ఊపిరి పీల్చుకుని గానీ మాట్లాడడు. తాళం వేసిన తలుపును మళ్లీ లాగి చూస్తాడు. అన్నం సగంలో వదిలేస్తాడు. నాకు జాలేస్తుంది, నిజంగానే. కానీ ఇదంతా ఎవరి భయం? దీనికీ నా పేరే పెడుతున్నారు.

వారమంతా నా మనసు ఒకచోట నిలవలేదు. దుప్పట్లు మడతపెడుతున్నా, కూర కలుపుతున్నా బైబిల్లోని ఆ స్త్రీలే గుర్తొచ్చారు. ప్రభువును సమాధి చేశాక మగ శిష్యులు భయంతో గది తలుపులు వేసుకుని కూర్చున్నారు. ఇంకా చీకటి ఉండగానే సుగంధ ద్రవ్యాలు పట్టుకుని సమాధి దగ్గరికి బయల్దేరింది ఆడవాళ్లు. ధైర్యం ఉండి వెళ్లారని ఇన్నాళ్లూ ప్రసంగాల్లో విన్నాను. నాకలా అనిపించడం లేదు. సమాధికి అడ్డంపెట్టిన అంత పెద్ద రాయిని మనకోసం ఎవరు దొర్లిస్తారని దారంతా ఒకరినొకరు అడుగుతూనే నడిచారట. జవాబు దొరికాక బయల్దేరుదాం అనుకోలేదు. నా భయం తీసెయ్యమని ఇన్నేళ్లూ అందరూ ప్రార్థించారు, అది పోలేదు. పోవాల్సిన పని లేదేమో. దాన్ని చంకనేసుకుని నడిచినా ప్రభువు కాదనడేమో.

టీ ట్రేతో ముందు గదిలోకి వెళ్లాను. పాస్టరమ్మగారు నా తల మీద చెయ్యి పెట్టడానికి అప్పటికే లేచారు.

"ఒక్క నిమిషమండీ," అన్నాను. "నా మనవి నేనే చెప్పుకుంటాను."

మా ఆయన నవ్వబోయాడు. "ముందు టీ ఇవ్వు, చల్లారిపోతుంది."

"చల్లారనివ్వండి," అని ట్రే కింద పెట్టాను. పెట్టాక చేతుల్ని ఏం చేసుకోవాలో తెలియలేదు. "రేపు మా మేనేజరు పిలుస్తాడు. చూసింది చూసినట్టు చెప్పాలనుకుంటున్నాను. గొంతు వణుకుతుంది, నాకు తెలుసు. వణికినా మధ్యలో ఆగిపోకుండా ప్రార్థించండి. మా ఆయనకి కూడా భయంగా ఉంది. ఆయన కోసం కూడా చెయ్యండి."

అత్తయ్య కొడుకు వైపు చూసింది. పాస్టరుగారు గొంతు సవరించుకుని, "అలాగే... ప్రార్థిద్దాం" అన్నారు. మూలనున్న, కుట్టుపని చేసే వదిన లేచి, "నాదీ ఒకటుందండీ, నేనే చెప్తాను" అంది. వాళ్లాయన చీర కొంగు లాగినా కూర్చోలేదు.

అందరూ వెళ్లిపోయాక ఆయన కుర్చీలు ధన్ ధన్‌మని సర్దాడు. "నలుగురిలో నా పరువు తీశావు."

"మీకు భయంగా లేదా?"

"ఉంటే మాత్రం? అందరికీ చెప్పాలా?"

"నాది చెప్పారుగా, ఇన్నేళ్లూ."

ఆయన చివరి కుర్చీని చప్పుడు లేకుండా గోడకి చేర్చాడు. "నీ ఉద్యోగం పోతే ఎలా?" అన్నాడు. ఈసారి అది కోప్పడినట్టు లేదు, అడిగినట్టే ఉంది. "తెలీదు," అన్నాను. తెలియదు కూడా.

పొద్దున్న లాండ్రీలో ఎవరూ నావైపు చూడలేదు. యంత్రం మళ్లీ నడుస్తోంది. కడ్డీకి పీలిక లేదు, ఎప్పుడూ లేనట్టే ఉంది. నన్ను పిలిచారు. నడవాలో ఒకసారి గోడ పట్టుకున్నాను. ప్రభువా అన్నాను గానీ తర్వాత మాటలేవీ రాలేదు.

గదిలో మేనేజరు, పక్కనే సూపర్‌వైజరు. నేను తలుపు దగ్గరే ఆగిపోవడం ఇద్దరూ చూశారు. సూపర్‌వైజరు కుర్చీలో వెనక్కి వాలాడు.

"భయపడకమ్మా, కూర్చో," అన్నాడు మేనేజరు.

"భయంగానే ఉందండీ," అన్నాను. "అందుకే ముందు చెప్పేసి అప్పుడు కూర్చుంటాను. ఆ కడ్డీని కట్టేసింది ఈయన. కట్టేటప్పుడు నేను పక్కనే ఉన్నాను."