స్వీటీ గొంతుకు ఆపరేషన్

సినిమావాళ్లు స్వీటీ గొంతు కోసి, లోపలున్న పాతది తీసేసి, కొత్తది పెట్టి కుట్టారట. ఈ మాట పుట్టింది మిద్దె ఇంటి నాగమణమ్మ నోట్లో. మోసుకొచ్చింది బట్టలు కుట్టే కళావతి. దించింది స్వీటీ తల్లి ఆగమ్మ వంటింటి గడప దగ్గర.

"నేనంటలేనక్కా, నాగమణమ్మ పెద్దమ్మ అంటుంది," అని ముందే నేరం తన మీద లేకుండా చూసుకుంది కళావతి. "టీజర్ వచ్చిందట కదా. అండ్ల మన స్వీటీ నోరు తెరిస్తే సన్నగ, తేనె కారినట్టు వస్తుందట మాట. మన పిల్ల మాట గట్లుంటదా? సినిమాలకు పోయెటోళ్లకు ముక్కు మారుస్తరు, పెదవులు మారుస్తరు, గొంతు మార్చరా అంటుంది పెద్దమ్మ. వాళ్లింట్ల అడుగకు, బాధైతది అని గూడ అన్నది. గందుకే నేనడుగుతలేను. నిజమేనా అక్కా?"

ఆగమ్మ గరిటె పక్కన పెట్టి పొయ్యి ఆర్పింది. కర్టెన్ వెనక నిలబడి ఇదంతా వింటున్న స్వీటీకి నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

పాతబస్తీ హుస్సేనీ ఆలంలో ఆ గల్లీకి స్వీటీ గొంతు నీళ్ల పంపు చప్పుడంత పరిచయం. తండ్రి డానియేలు ఆర్టీసీ డిపోలో మెకానిక్. డ్యూటీ దిగి మూలమీది హోటల్లో చాయ్ ముందు కూర్చున్నాడంటే ఇల్లు మరిచిపోయేవాడు. ఆగమ్మ పిల్లను మిద్దె ఎక్కించేది. "డాడీ! అన్నం!" అని స్వీటీ ఒక్క కేక పెడితే డానియేలే కాదు, అక్కడున్న మగవాళ్లంతా లేచి ఎవరిళ్లకు వాళ్లు పోయేవారు. చర్చిలో పాటల బృందం వెనక వరుసలో నిలబెట్టినా ముందు వరుసవాళ్లకు తమ గొంతు తమకు వినపడేది కాదు.

ఆ గొంతే పాటై బయటపడింది. "బస్సు దాటిపాయెరో బావా, బహదూర్‌పురా చౌరస్తాల" అని ఆమె పాడిన ప్రైవేటు పాట మోగని బరాత్ లేదు, ఎగరని పెళ్లికొడుకు లేడు. డిసెంబరు వస్తే క్రిస్మస్ పాటలు, ఆషాఢం వస్తే బోనాల పాటలు. ఆ నెలలో పాస్టరు గారు "మన స్వీటీ కనపడదేమమ్మా?" అంటే ఆగమ్మ "డ్యూటీల ఉన్నది అయ్యగారూ" అనేది. పాస్టరు గారికి ఆ డ్యూటీ ఏమిటో తెలుసు. చర్చి కిటికీలోంచి రోజూ వినపడుతూనే ఉండేది. అయినా మంచి మనిషి, "దేవుడు కాపాడుగాక" అని ఊరుకునేవాడు.

డైరెక్టరు నిఖిలేష్ కూడా ఆ పాట వినే వచ్చాడు. ఏదో బరాత్ వెనక ట్రాఫిక్‌లో ఇరుక్కుని, కారు దిగి, ఈ గొంతు ఎవరిదని అడుగుతూ అడుగుతూ గల్లీ దాకా వచ్చి, స్వీటీ మొహం చూసి, హీరోయిన్ దొరికిందన్నాడు. సినిమాలో ఆమెది కోనసీమ పంతులుగారి అమ్మాయి పాత్ర. షూటింగ్ అయ్యాక మైకు ముందు నిలబెట్టి మాటలన్నీ చెప్పించుకున్నారు. "సూపర్" అన్నాడు నిఖిలేష్. స్వీటీ ఇంటికి వచ్చి, "పాటలు బొంబాయామె పాడిందిగని, మాటలన్నీ నేనే చెప్పిన" అని గల్లీ గల్లీకంతా చాటింది.

ఆ పొద్దున టీజర్ వచ్చింది. తెరమీద తన పెదవులు కదిలాయి. "ఏవండీ, నన్ను మర్చిపోయారా?" అని ఎవరో పలికారు.

ఫోన్ చేస్తే నిఖిలేష్ తడబడలేదు. "చిన్న మార్పు స్వీటీ. నువ్వు బ్రహ్మాండంగా చేశావ్. కానీ నీ మాట కొంచెం మాస్. పనిమనిషి క్యారెక్టరైతే అదిరిపోయేది."

ఆ ఫోన్ పెట్టేసిన కాసేపటికే కళావతి వచ్చింది. ఇప్పుడేమో కర్టెన్ పక్కకు జరిగింది. ఆగమ్మ ఫోన్ టార్చి వెలిగించుకుని వచ్చింది.

"బిడ్డా, నోరు తెరువు. ఏం చేసిండ్రే నిన్ను?"

నిజం చెబుదామనే నోరు తెరిచింది స్వీటీ. తీరా తల్లి కళ్లు చూసేసరికి మాట రాలేదు. దగ్గు వచ్చింది. ఆ దగ్గే కొంప ముంచింది. "అయ్యో దేవుడా, నిజమేనే కళావతీ!" అని ఆగమ్మ గోడకు చేరగిలబడింది. కళావతి అప్పటికే గడప దాటి పరుగెడుతోంది. కుట్టిన కొత్త గొంతు అతకలేదని, పిల్లకు మాటే పోయిందని సాయంత్రానికల్లా గల్లీ అంతా పాకింది.

కొండనాలుకకు మందు వేస్తే ఉన్న నాలుక ఊడిందని సామెత. స్వీటీకి మందు వేయకముందే ఊడింది. సరే, ఇదీ మంచిదే అనుకుంది. నా మాట నన్ను పెట్టుకున్నవాళ్లకే పనికిరాలేదని గల్లీలో చెప్పుకోవడం కన్నా గొంతు పోయిందనడమే నయం. సినిమా వచ్చి పోయేదాకా మెడకు మఫ్లర్ చుట్టుకుని మౌనంగా ఉంటే సరి. మాట్లాడాలని మరీ ప్రాణం కొట్టుకుంటే అఫ్జల్‌గంజ్ దాకా నడిచి, బస్సుల రొదలో నిలబడి నిఖిలేష్‌కు ఫోన్ చేసి తిట్టి వచ్చేది.

కానీ గల్లీ మౌనంగా ఉంటుందా? నాగమణమ్మ భర్త వైకుంఠానికి ఉస్మాన్‌గంజ్‌లో పసుపు, మసాలా దినుసుల హోల్‌సేల్ దుకాణం. ఆయన సొంఠి, పిప్పళ్లు, అతిమధురం పొట్లాల్లో కాదు, సంచీలో తెచ్చాడు. "తాగు బిడ్డా, నువ్వు మాట్లాడెదాక సప్లయి ఆగది," అన్నాడు. యునానీ మందులిచ్చే హకీం సాబ్ నల్లటి లేహ్యం పంపాడు. అది నాలుకకు తగిలితే ఉన్న గొంతూ పోయేలా ఉంది. స్వీటీ చేతులు తిప్పి చాయ్ కావాలంటే ఆగమ్మ ఆవిరి పట్టమంటోందనుకుని దుప్పటి కప్పేది. స్నానాల గదిలో ఎలుక కాలి మీదుగా పోతే కేక రాకుండా టవల్ కొరికి పట్టుకుంది. ఆటోవాడు చుట్టు తిప్పి తీసుకుపోతుంటే తిట్టలేక కన్నీళ్లు పెట్టుకుంది. గొంతు పోయి పాపం ఎంత బాధ పడుతుందో అని గల్లీవాళ్లు ఆమెను ఆ ఆటోవాడికే జాలిగా చూపించి చెప్పుకున్నారు.

నాగమణమ్మ, పిల్లకు గొంతు వస్తే అమ్మవారికి తానే బోనం ఎత్తుతానని మొక్కింది. ఇది విని చర్చి ఆడవాళ్లు ఊరుకోలేదు, ఉపవాస ప్రార్థన పెట్టారు. అందరికన్నా ముందు కూర్చున్నది ఆగమ్మ. ఆమెకు షుగర్. శుక్రవారం మధ్యాహ్నానికి చేతులు వణుకుతుంటే కూడా నీళ్లు ముట్టలేదు. స్వీటీ పళ్లెంలో అన్నం పెట్టి ముందుకు తోస్తే, తల్లి వెనక్కి తోసింది.

"నీ గొంతుతోని నన్ను ఒక్కసారి పిలువు, తింట."

స్వీటీ పెదవులు విడివడ్డాయి. బయట అప్పుడే కళావతి వచ్చి నిలబడింది. పెదవులు మూసుకున్నాయి. ఆ రోజు మాత్రం ఆమెకు ఆ సాకు మీద అసహ్యం పుట్టింది. బోనాల నాడు ఏదో ఒకటి చెప్పేసి ఈ పీడ వదిలించుకోవాలనుకుంది.

బోనాల నాడు గల్లీ మొదట్లో ఫ్లెక్సీ వెలిసింది. స్వీటీ ఫొటో, చుట్టూ పూలు, కింద 'మా ఆడబిడ్డ గొంతు త్వరగా రావాలి' అని. దూరం నుంచి చూస్తే శ్రద్ధాంజలి బోర్డులాగే ఉంది. తెలియని వాళ్లెవరో ఇద్దరు దండం పెట్టి పోయారు కూడా. ఏటా స్వీటీ పాడే స్టేజీ మీద ఈసారి డీజే డబ్బాలు పెట్టారు.

డప్పులు ఊపందుకున్న వేళకు నిఖిలేష్ కెమెరా మనిషితో వచ్చాడు. 'సొంత గల్లీలో మన హీరోయిన్' అని వీడియో తీయాలట. కారు గల్లీలో పట్టక నడిచి వచ్చాడు.

"హాయ్ స్వీటీ! మఫ్లరేంటి, స్టైలా? బావుంది, ఉంచెయ్."

స్వీటీ అతన్ని పక్కకు లాగబోయింది. అంతలోనే వైకుంఠం అడ్డం వచ్చాడు.

"డైరెక్టర్ సాబ్, జర ఇటు రాండ్రి. ఏ దవాఖానల చేయించిండ్రు?"

"ఏది సార్?"

"ఏదంటరేంది? ఆపరేషన్!" వైకుంఠం గొంతు పెరిగింది. "ఇన్నేండ్ల సంది పసుపు అమ్ముతున్న సాబ్. మచ్చు ఒకటి చూపిచ్చి మాలు ఇంకోటి పోస్తే కొన్నోడు ఊకుంటడా? పిల్లను తీస్కపోయినప్పుడు ఏ గొంతున్నదో గదే గొంతు మాకు వాపస్ కావాలె."

బోనం ఎత్తుకోవడానికి సిద్ధమైన నాగమణమ్మ, పసుపు కాళ్లతో ముందుకు వచ్చింది. "అమ్మవారి ముంగట అడుగుతున్న బిడ్డా, అబద్ధమాడకు. పాత గొంతు ఏడ పెట్టిండ్రు? ఉంటే తెచ్చి మళ్ల కుట్టియ్యుండ్రి. మేమేం అనం."

నిఖిలేష్ అటూ ఇటూ చూసి పకపకా నవ్వాడు. "అయ్యో, గొంతు నిక్షేపంలా ఉందండీ! మొన్ననేగా ఫోన్లో నా చెవులు చిల్లులు పడేలా తిట్టింది. సినిమాలో వేరే అమ్మాయి చేత చెప్పించాం, అంతే. దానికి ఆపరేషన్ ఏంటండీ?"

డప్పులు ఒక్కొక్కటే ఆగాయి. తలలన్నీ స్వీటీ వైపు తిరిగాయి. "నేనన్ననా? పెద్దమ్మనే అన్నది," అంది కళావతి ఎవరూ అడగకుండానే.

ఆగమ్మ వచ్చి కూతురి మెడకున్న మఫ్లర్ మెల్లగా విప్పింది. గడ్డం పైకెత్తి కుట్లు వెతికింది. ఏమీ లేవు. చెమటకాయలున్నాయి.

"నేను అన్నం మానేసిన బిడ్డా."

"అమ్మా..." అంది స్వీటీ. మెల్లగానే అంది. అయినా గల్లీ చివర దాకా వినపడింది. "ఏమని చెప్పాల్నే? మొకం పనికొచ్చింది, మాట పనికిరాలేదని చెప్పాల్నా? పనిమనిషికైతే సరిపోతదన్నరు నా మాట. నేను నీ లెక్కనే మాట్లాడుత. గది బాగలేదంటే, నీతోని ఎట్ల చెప్పాల్నే?"

ఆగమ్మ మఫ్లర్‌ను చేతికి చుట్టుకుంటూ, విప్పుతూ నిలబడింది. "నా మాటకేమైందే?" అంది చివరికి, డైరెక్టరు వైపు చూస్తూ.

నిఖిలేష్ తెలివైనవాడు. గాలి తిరిగిందని గ్రహించాడు. కానీ అతను కళాకారుడు కూడా, అదే వచ్చిన చిక్కు. అతని కళ్లు హఠాత్తుగా వెలిగాయి.

"ఒక్క నిమిషం. ఇన్నాళ్లూ ఈ గల్లీలో నోరు విప్పకుండా గడిపేశావా? ఒక్కళ్లకీ అనుమానం రాలేదా? అబ్బ! ఇదే నా రెండో సినిమా! హీరోయిన్ మూగమ్మాయి. కళ్లతోనే మాట్లాడుతుంది. యాస గొడవే లేదు, ఇంకో గొంతు అవసరమే లేదు. అవార్డు గ్యారంటీ! ఆ బరాత్ పాటలు మాత్రం ఇక మానెయ్యాలి స్వీటీ, ఇమేజ్‌కి మంచిది కాదు. ఊఁ అను, ఇప్పుడే అనౌన్స్ చేసేద్దాం. కెమెరా ఆన్‌లోనే ఉంది."

కెమెరా స్వీటీ మొహం మీదికి తిరిగింది. డానియేలు గొంతు సవరించుకున్నాడు. కూతురు హీరోయిన్ అని డిపోలో అతను చెప్పని మనిషి లేడు.

"మూగదైనా హీరోయినేనా సార్?"

"మెయిన్ హీరోయిన్ అంకుల్!"

"పోనీ తియ్ బిడ్డా," అంది నాగమణమ్మ. అంతా చెడ్డా కొంతైనా మిగలాలని ఆమె తాపత్రయం. "మొకమన్న అగుపిస్తది. మళ్ల గింత పెద్ద సినిమా ఎవలిస్తరు? ఊఁ అను."

వైకుంఠం డైరెక్టరును ఎగాదిగా చూశాడు. ఆగమ్మ మఫ్లర్‌ను మడతపెట్టి చంకలో పెట్టుకుంది. ఊఁ అంటే రెండో సినిమా ఉంటుంది, పాట పోతుంది. అనకపోతే సినిమా అనేది ఇక్కడితో సరి. డీజే డబ్బాల మీద ఎవరో వదిలేసిన మైకు ఎర్ర దీపంతో వెలుగుతూనే ఉంది. స్వీటీ రెండడుగులు వేసి దాన్ని చేతిలోకి తీసుకుంది. కెమెరా ఆమె వెంటే వచ్చింది.

"మూగపిల్లనే కావాల్నంటే మూగపిల్లనే ఎతుక్కోండ్రి సార్. మా ఇంట్ల అందరికి నోరున్నది."