రెండు వేళ్ల సందు

నేను ఒక ప్లైవుడ్ పట్టీని. నాలుగు అడుగుల పొడవు ఉంటాను. ఒక కొస రెండు వేళ్ల వెడల్పు, రెండో కొస గోరంత. మీకు దారిలో దొరికితే పొయ్యిలో పెట్టుకుంటారు, తప్పు పట్టను. కానీ నా వాలు చూసి పన్నెండు గుడిసెలు కోశారు. అందులో మొదటిదాని కథ చెబుతాను.

నన్ను కోసినవాడు కనకాచారి, కోరుట్ల పక్క పల్లెలో వడ్రంగుల ఇంట పుట్టి గల్ఫుకు వచ్చినవాడు. ఎడారిలో గొర్రెలు కాసేవాళ్లకు ప్లైవుడ్ గుడిసెలు వేసే పని అతనిది. ఆరు గోడలు, కప్పుకు ఆరు పలకలు. ఆ పలకలను ఏటవాలుగా కోసి నడినెత్తిన ఒక్కచోట కలపాలి. కోసే ప్రతి పలక మీదా నన్ను పరచి, నా అంచు వెంబడి గీత గీయాలి. కోసిన పలకను పెట్టి ఇంకో పలక గీయకూడదని అతనికి తండ్రి చిన్నప్పుడే చెవి మెలేసి నేర్పాడు. అలా చేస్తే గీత మందమూ రంపం మందమూ ప్రతిసారీ కాస్త కాస్త తినేస్తాయి. అందుకే కనకాచారి నా మీద పెన్సిల్‌తో పెద్దగా రాశాడు: 'అచ్చు. మేకు కొట్టొద్దు.' నాకు కొంచెం గర్వంగానే ఉండేది.

మొదటి గుడిసె ఓదెలుకు. అతనూ కరీంనగర్ వైపు మనిషే. ఏడు నెలలుగా నీళ్ల ట్యాంకు నీడలో పడుకుంటున్నాడు. ఎండకు పెదవులు పగిలి, ఇసుకకు దగ్గు పట్టి, తెలుగు మాట వినగానే కళ్లనీళ్లు పెట్టుకున్నాడు. అక్కడ ఫోనుకు సిగ్నల్ ఉండదు. రెండు పలకలు కోశాక, ఇంటి నంబరు రాసిస్తాను కాగితం ఉందా అని ఓదెలు అడిగాడు. కాగితం లేదు. నన్ను అందుకుని, సంచి మీద రాసుకున్న నంబరు చూసి దించడానికి ట్యాంకు దగ్గరికి నడిచాడు. రాయడం అయ్యేసరికి గొర్రెలు చెదిరిపోయాయి. నన్ను చేత పట్టుకునే వాటి వెనక పరుగెత్తాడు. చెప్పొద్దూ, ఆ పూట నేను కర్రగా కూడా పనిచేశాను.

కనకాచారి కాసేపు చూశాడు. సాయంత్రం బండి వచ్చేలోగా పని తెమలాలి. ఒక్కసారికి ఏమవుతుందిలే అనుకుని కోసిన పలకను పెట్టి తక్కిన నాలుగూ గీసి కోసేశాడు. కోయగా మిగిలిన ముక్కలన్నీ చాయ్ కింద మంటకు పోయాయి. తండ్రి మాట ఆ పొగలో గుర్తొచ్చిందో లేదో నాకు తెలియదు.

కప్పు ఎక్కించాక చివరి అతుకు దగ్గర సందు తేలింది. కింద రెండు వేళ్లు, పైకి పోయేకొద్దీ గోరంత. నన్ను కొలిచి చేసినట్టే ఉంది. కనకాచారి నన్ను అందులో పెట్టి చూశాడు. సరిగ్గా కూర్చున్నాను. చేతిలో సుత్తి ఉంది, నోట్లో మేకులు ఉన్నాయి. ఇంతలో బండి దిగిన సూపర్‌వైజరు, ఇంకా పదకొండు గుడిసెలున్నాయి, అచ్చు ఇక్కడ దిగ్గొడితే మళ్లీ కొలుచుకుంటూ కూర్చుంటావా అన్నాడు. కనకాచారి నోట్లోంచి మేకులు తీసేశాడు. సందులో ఓదెలు పాత లుంగీ కుక్కి, వచ్చేసారి ముక్క తెస్తానన్నాడు.

ఓదెలుకు ఆ సందు పట్టనే లేదు. "అన్నా, గీ నంబరుకు ఫోన్ జెయ్యి. ఇల్లు గట్టిన్రని రాజవ్వకు చెప్పు, గంతే," అన్నాడు.

సిగ్నల్ అందే ఊళ్లోకి వచ్చాక కనకాచారి నా మీద చూసి నంబరు నొక్కాడు. ఓదెలు భార్య రాజవ్వ ఒక్కటే అడిగింది.

"కప్పు మంచిగ మూసిన్రా అన్నా? ఆయనకు ఇసుక గాలి పడది."

"మూసినం చెల్లె. చీమ గూడ దూరది," అన్నాడు.

మనుషులు అబద్ధం ఎంత ప్రేమగా ఆడతారో నాకు ఆ రోజే తెలిసింది.

తర్వాత పదకొండు గుడిసెలూ నా వాలుతోనే కోశాడు. ఒక్కసారీ నన్ను తప్పించలేదు. ఒక్కదానిలోనూ సందు రాలేదు. ముక్క తీసుకుని వెళ్లడానికి మాత్రం బండి దొరకలేదు.

మూడో వారం పట్టపగలు ఇసుక గాలి లేచింది. లుంగీ ఊడిపోయింది, గాలి ఆ సందులోంచి చొరబడి కప్పును ఎత్తేసింది. పలకలు లోపల తలదాచుకున్న ఓదెలు మీద పడ్డాయి. నీళ్ల బండి డ్రైవరు వచ్చేసరికి రెండు రోజులైంది, ఓదెలు ప్రాణం పోయింది.

కనకాచారి మళ్లీ నా మీద చూసి అదే నంబరు నొక్కాడు. సంగతి చెప్పాడు. "చీమ గూడ దూరదంటివి గదన్నా," అంది రాజవ్వ. నేనైతే ఆ మాటకు విరిగిపోయి ఉంటే బాగుండేదనుకున్నాను.

కప్పు మళ్లీ వేయడానికి కనకాచారిని పంపితే ఆ సందులో నన్నే పెట్టి, మూడు చాలే చోట తొమ్మిది మేకులు కొట్టాడు. అచ్చు ఏదని సూపర్‌వైజరు అడిగితే పోయిందని చెప్పాడు. ఇప్పుడు చీమ కూడా దూరదు.

వారం తిరక్కుండానే కొత్త కాపరి వచ్చాడు. నెత్తి మీద నన్ను చూసి, ఆ నంబరు చదివి, ఇంటికి కబురు పంపే పద్ధతి ఇక్కడ ఇదే కాబోలు అనుకున్నాడు. పెన్సిల్ వెతికి, డబ్బా ఎక్కి, ఓదెలు నంబరు కింద తన ఇంటి నంబరు రాశాడు.