కట్టని ఇంటి నీడ

ఎమ్మిగనూరులో శారద టీచరు ఒక్కతే ఉండేది. అయినా రోజూ ఎసట్లో ఇద్దరికి సరిపడా బియ్యం పోసేది. తమ్ముళ్లలో ఎవరైనా వస్తారేమోనని. ఎవరూ వచ్చేవాళ్లు కాదు. మిగిలిన అన్నంలో రాత్రికి మజ్జిగ పోసుకుని తానే తినేది.

ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు అంటారు. తండ్రి పోయాక తమ్ముళ్లిద్దరి పెళ్లిళ్లూ చేసి చూసింది శారద. ఇక మిగిలింది ఇల్లే. ఆదోని రోడ్డులో స్థలం కొని, ఆదోనిలో ఉండే కృతి అనే ఆర్కిటెక్టును పిలిపించింది.

ఆ పక్క పద్ధతి అందరికీ తెలిసిందే. ప్లాను గీయకముందే ఒప్పందం రాసుకోవాలి. ఇల్లు ఎవరి కోసం, అందులో ఏమేం కావాలి అన్నది ఇంటామె నోటితోనే చెప్పాలి. చెప్పింది నిజమైతే కట్టబోయే ఇంటి నీడ ఖాళీ స్థలంలో పడుతుంది. నీడ పడ్డాకే సంతకాలు.

"ఎవరెవరుంటారు మేడమ్?" అంది కృతి.

"పెద్దతమ్మునికి పైన రెండు గదులు, చిన్నోనికి కింద రెండు. పిల్లోళ్లకు వేరే. నాకేముందిలేమ్మా, వంటింటి పక్కన ఇంత జాగా సాలు."

ఎండ మండిపోతోంది. కంపచెట్ల నీడ తప్ప స్థలంలో ఏ నీడా పడలేదు.

"ఇది మూడోసారి నేను రావడం. మీ తమ్ముళ్లు ఆఖర్న ఎప్పుడొచ్చినారు మేడమ్?"

"అమ్మ పోయినప్పుడు వచ్చినారు. మళ్లా రాలేదు."

అన్నాక శారదకు ఆ పిల్ల మీద కోపమొచ్చింది, వెనకే ఏడుపూ వచ్చింది. గదులు కడితే వస్తారని ఇన్నాళ్లూ ఆశ. ఆ గదులు వద్దంటే, ఇక రారని తానే ఒప్పుకున్నట్టు. కొంగుతో ముఖం తుడుచుకుంది.

"నేనొక్కదాన్నే ఉంటాను. రాసుకో."

నీడ చల్లగా పాదాల మీదికి వచ్చింది. ఒక గది, వంటిల్లు, రోడ్డు వైపు పొడుగాటి అరుగు. అరుగు మాట శారద ఎత్తనేలేదు. కృతి టేపు తీసి దాన్నీ కొలుచుకుంది.

అంతలో శెనక్కాయలు అమ్ముకునే రామమ్మ గంపతో రోడ్డున పోతూ ఆగి, గంపను అరుగు నీడలో దించింది.

"శానా ఎండగుండాదమ్మా. రవ్వంత సేపు కూసుంటా."

"కూసో. తిన్న్యావా?"

"యాడమ్మా! సంత నుంచి ఇప్పుడే వస్తాండా."

శారద సంచిలోంచి క్యారియరు తీసింది. అందులో ఎప్పటిలాగే ఇద్దరి అన్నం ఉంది.

"ఉండేవాళ్లు ఒకరని రాసినాను," అంది కృతి. "వచ్చిపోయేవాళ్లు ఎంతమందని రాయాల మేడమ్?"

శారద రామమ్మ పక్కన కూర్చుని, రెండో గిన్నె ఆమె ముందుకు జరిపింది.

"ఇంకా తెలీదని రాయి."